ఇంకో ఏడాదే మిగిలిన స్టార్‌ని ఏం చేయాలి? బేస్‌బాల్ చలికాలంలో నాలుగు దారులు

2024 డిసెంబర్ 8, ఆదివారం రాత్రి. న్యూజెర్సీ ఎడిసన్‌లో అక్కావాళ్ళింట్లో భోజనాలు ఆఖరికొచ్చాయి. అప్పటిదాకా న్యూయార్క్ యాంకీస్‌కి ఆడిన బేస్‌బాల్ స్టార్ హువాన్ సోటో అదే ఊరి ఇంకో జట్టు మెట్స్‌తో సంతకానికి ఒప్పుకున్నాడని ఫోన్ మోగింది. మా బావ ఒకసారి చూసి, ఫోన్ బోర్లా పెట్టి, మాట్లాడకుండా పెరుగన్నం కలుపుకున్నాడు. ఆయన యాంకీస్ మనిషి, నేను మెట్స్. ఎంత సంతోషంగా ఉన్నా ఆ నిమిషంలో నవ్వకూడదని నాకూ తెలుసు కాబట్టి అప్పడం నమిలాను.

లెక్క వినగానే అక్క బావని అడిగింది: "వాళ్ళు 15 ఏళ్ళకి 765 మిలియన్ ఇచ్చారు, మీవాళ్ళు 16 ఏళ్ళకి 760 ఇస్తామన్నారు, అంటే ఐదు మిలియన్ దగ్గర పోగొట్టుకున్నారా?" 765 మిలియన్ డాలర్లంటే దాదాపు 6,500 కోట్ల రూపాయలు. అంత సొమ్ములో ఐదు మిలియన్ చిల్లరలాగే కనిపిస్తుంది. కానీ ఏడాదికి విడగొట్టి చూస్తే ఒకటి 51, ఇంకోటి 47.5. అసలు ఆ రాత్రి ఏ అంకె గెలిచిందన్నదాని కంటే, ఎవరికైనా సంతకం చేసే స్వేచ్ఛ రావడానికి సోటోకి ఒక్క ఏడాదే మిగిలి ఉందని తెలిసీ యాంకీస్ అంతకు ముందు చలికాలంలో అతన్ని ఎందుకు తెచ్చుకున్నారు, తెచ్చుకుని సరైన పనే చేశారా అన్నదే పెద్ద ప్రశ్న.

కీపర్ లీగ్ (ఆటగాళ్ళని ఏటికేడు అట్టిపెట్టుకునే ఫాంటసీ ఆట) ఆడేవాళ్ళకి, గేముల్లో జీఎం (జట్టు జనరల్ మేనేజర్) మోడ్‌లో రాత్రిళ్ళు గడిపేవాళ్ళకి, వాట్సాప్ గ్రూపులో "మనవాడిని అమ్మేయాలా ఉంచుకోవాలా" అని కొట్టుకునేవాళ్ళకి ప్రతి నవంబర్‌లో వచ్చే చిక్కు ఇదే. దారులు నాలుగు: ముందే పొడవాటి ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు), చివరి ఏడాది దాకా ఆడించి చూడటం, ట్రేడ్ (వేరే జట్టుకిచ్చి బదులు ఆటగాళ్ళని తెచ్చుకోవడం), వదిలేయడం. వీటిని పోల్చే ముందు దేంతో కొలవాలో చూద్దాం.

ముందు చూడాల్సినవి

ఐపీఎల్ అలవాటుతో చూస్తే మొదట్లో తికమక అవుతుంది. 2025 వేలానికి జట్టుకి 120 కోట్ల పర్స్ అన్నారు, సన్‌రైజర్స్ అందులోంచి క్లాసెన్‌కి 23 కోట్లు, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకున్నారు, మిగిలినదాంట్లో సర్దుకున్నారు. అమెరికా మేజర్ లీగ్‌లో అలాంటి గట్టి గోడ లేదు. జట్టు మొత్తం జీతాలకి ఒక గీత ఉంది, దాటితే పన్ను కట్టాలి. 2025లో ఆ గీత 241 మిలియన్. మొదటి ఏడాది దాటితే పైమొత్తం మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. గీతకి 60 మిలియన్ పైన పోతే ఆ పైమొత్తానికి ఇంకో 60 శాతం. అంటే డాడ్జర్స్ లాంటి జట్టు ఆ చివరి మెట్టు మీద నిలబడి 20 మిలియన్ ఆటగాడిని తెచ్చుకుంటే 50, 60 కలిపి 110 శాతం పన్నుతో జేబులోంచి పోయేది 42 మిలియన్. అదే ఆటగాడు గీతకి బాగా కింద ఉన్న జట్టుకి 20కే వస్తాడు. జీతం ఒకటే, ఖరీదు మాత్రం జట్టుని బట్టి మారిపోతుంది.

రెండోది సర్వీస్ టైమ్. 172 రోజులు మేజర్ లీగ్ జట్టులో ఉంటే ఒక ఏడాది లెక్క. మామూలుగా మొదటి మూడేళ్ళు జట్టు చెప్పిందే జీతం, 2025లో కనీసం 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే జీతం మీద ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తులు తేలుస్తారు. ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎవరికైనా సంతకం చేయొచ్చు. ఈ ఆరేళ్ళలో ఎన్ని మిగిలాయన్నదే ట్రేడ్‌లో అసలు సరుకు.

మూడోది వయసు, అది కూడా ఇప్పటి వయసు కాదు, కాంట్రాక్టు ముగిసేనాటి వయసు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పన్ను లెక్కలో మొత్తాన్ని ఏళ్ళతో భాగిస్తారు కాబట్టి ఏళ్ళు పెంచితే ఏటి అంకె తగ్గుతుంది. శాన్ డియేగో పాడ్రెస్ 30 ఏళ్ళ బోగార్ట్స్‌కి 11 ఏళ్ళు, 280 మిలియన్ రాసిచ్చింది 40 దాటాక కూడా షార్ట్‌స్టాప్ (చురుకైన కాళ్ళు కావాల్సిన ఫీల్డింగ్ స్థానం) ఆడతాడని నమ్మి కాదు. ఆ చివరి ఏళ్ళు ఈఎంఐ సాగదీయడం లాంటివి.

నాలుగోది అందరూ మర్చిపోయేది: కింద మైనర్స్‌లో (కుర్రాళ్ళు తయారయ్యే చిన్న లీగుల్లో) ఆ పొజిషన్‌కి ఎవరున్నారు? కనీస జీతానికి ఆడే కుర్రాడు సిద్ధంగా ఉంటే జవాబు ఒకటి, ఎవరూ లేకపోతే వేరు.

దారి 1: ముందే ఎక్స్‌టెన్షన్

చవకైన దారి ఇదే, కానీ ఎంత ముందుగా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అట్లాంటా బ్రేవ్స్ 2019 ఏప్రిల్‌లో రోనాల్డ్ అకూన్యా అనే బ్యాటర్ చేత 8 ఏళ్ళకి 100 మిలియన్‌కి సంతకం చేయించారు, అప్పటికి అతనికి 21 ఏళ్ళు, లీగ్‌లో నిండా ఏడాది కాలేదు. 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టోలెన్ బేస్‌లతో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయిన ఏడాది అతని జీతం 17 మిలియన్. మధ్యలో రెండుసార్లు మోకాలి లిగమెంట్ తెగినా బ్రేవ్స్‌కి ఈ బేరం చేదు కాలేదు, ఎందుకంటే కొన్నదే తక్కువకి.

చిన్న జట్లు ఇది చేయలేవని అనుకోకండి. 2023లో 106 మ్యాచ్‌లు ఓడిన కాన్సస్ సిటీ రాయల్స్ 2024 ఫిబ్రవరిలో 23 ఏళ్ళ బాబీ విట్‌కి 11 ఏళ్ళు, 288 మిలియన్ పైన ఇచ్చారు. ఆ ఏడాదే ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు.

ఆలస్యమైతే ఏమవుతుందో టొరంటో జట్టుని అడగాలి. తమ స్టార్ బ్యాటర్ వ్లాదిమిర్ గెరెరో జూనియర్‌తో 2024లో ఆర్బిట్రేషన్ దాకా వెళ్ళారు, 18.05 మిలియన్ ఇస్తామన్నారు, అతను 19.9 అడిగాడు, గెలిచాడు. 2025 ఏప్రిల్‌లో, ఫ్రీ ఏజెన్సీకి ఆరు నెలల ముందు, 14 ఏళ్ళకి 500 మిలియన్ రాసిచ్చారు. ఆ అక్టోబర్‌లో జట్టుని వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఏడో మ్యాచ్ దాకా మోసుకెళ్ళాడు కాబట్టి టొరంటోలో ఇప్పుడెవరూ నోరెత్తరు, కానీ మూడేళ్ళ ముందే చేసుంటే ఆ అంకె ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇక పిచర్లకి (బంతి వేసేవాళ్ళకి) పొడవాటి కాంట్రాక్టు అంటే నాకు వ్యక్తిగతంగా భయం. దానికి కారణం ఒకే వారంలో జరిగిన రెండు సంతకాలు. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ వెంటనే పిచర్ స్ట్రాస్‌బర్గ్, థర్డ్ బేస్‌మన్ రెండాన్ ఇద్దరూ ఫ్రీ ఏజెంట్లు. ఇద్దరినీ భరించలేం, ఒక్కరినే ఉంచుకోగలం అని యజమాని బాహాటంగానే చెప్పేశాడు. స్ట్రాస్‌బర్గ్‌ని ఎంచుకున్నారు: 7 ఏళ్ళు, 245 మిలియన్. రెండాన్‌ని ఏంజెల్స్ పట్టుకుపోయారు: అదీ 7 ఏళ్ళు, 245 మిలియన్. ఆ చలికాలమంతా ఎవరిది మంచి నిర్ణయం అని జనం కొట్టుకున్నారు. స్ట్రాస్‌బర్గ్ ఆ తర్వాత మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు వేసి రిటైరయ్యాడు. రెండాన్ ఏంజెల్స్‌కి ఒక్క సీజన్‌లోనూ 60 మ్యాచ్‌లు ఆడలేదు. ఇద్దరిలో ఎవరిని ఎంచుకున్నా మునిగేవారే, అసలు ఇద్దరికీ నమస్కారం పెట్టి పంపేయడమే సరైన జవాబు, కానీ వరల్డ్ సిరీస్ గెలిచిన నెలన్నరకి ఆ మాట ఎవడంటాడు?

దారి 2: చివరి ఏడాది ఆడించి, తర్వాత చూసుకోవడం

చాలా జట్లు ఈ దారిని ఎంచుకోవు, తేల్చుకోలేక ఇందులోకి జారిపోతాయి.

ఈ దారిలో మీ చేతిలో ఉండే ఆఖరి ఆయుధం క్వాలిఫయింగ్ ఆఫర్. లీగ్‌లో పై 125 జీతాల సగటుతో ఒక్క ఏడాది ఆఫర్ ఇస్తారు, 2025 చలికాలానికి అది 22.025 మిలియన్. అతను కాదని వేరే జట్టుకి వెళ్తే మీకు ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్ళ ఎంపికలో అదనపు అవకాశం) వస్తుంది. సీజన్ మధ్యలో తెచ్చుకున్నవాడికి ఇవ్వడం కుదరదు, ఒకసారి అందుకున్నవాడికి మళ్ళీ ఇవ్వడం కుదరదు. ఎలాగూ ఒప్పుకోడులే అని మధ్యరకం ఆటగాడికి ఇస్తే అతను సరేనంటాడు జాగ్రత్త: 2024లో రెడ్స్ ఇచ్చిన 21.05 మిలియన్‌ని నిక్ మార్టినెజ్ హాయిగా తీసుకున్నాడు.

యాంకీస్ ఈ దారిలో ఒకసారి బతికి బయటపడ్డారు. 2022 సీజన్ మొదలయ్యే రోజు తమ స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్‌కి 7 ఏళ్ళు, 213.5 మిలియన్ ఇస్తామన్నామని, అతను కాదన్నాడని జీఎం క్యాష్‌మన్ విలేకరుల ముందు అంకెలతో సహా చెప్పేశాడు. జడ్జ్ ఆ ఏడాది 62 హోమ్ రన్లు కొట్టాడు. డిసెంబర్‌లో అదే యాంకీస్ 9 ఏళ్ళు, 360 మిలియన్ ఇచ్చారు. ఎనిమిది నెలల్లో 146.5 మిలియన్ పెరిగింది. నిజమే, ఏళ్ళు కూడా రెండు పెరిగాయి, ఆ తర్వాత 2024లో, 2025లో మళ్ళీ ఎంవీపీ కూడా అయ్యాడు. అయినా అది యాంకీస్ కాబట్టి తట్టుకున్నారు.

ఏంజెల్స్ కథ వేరు. 2023 జులై, బంతి వేసి బ్యాట్ కూడా పట్టే స్టార్ ఓటానీ కాంట్రాక్టులో ఇంకో రెండు నెలలే ఉంది. అమ్మితే అప్పటికి దొరికే అత్యంత విలువైన సరుకు అతనే. అమ్మలేదు సరికదా, ప్లేఆఫ్స్ ఆశతో మైనర్స్ కుర్రాళ్ళని ఇచ్చి జియోలిటో, లోపెజ్ అనే ఇద్దరు పిచర్లని కొన్నారు. ఆగస్టులో వరసగా ఓటములు, 23న ఓటానీ మోచేతికి గాయం. ఆ నెలాఖరుకి పన్ను భయంతో, నెల క్రితం కొన్న ఆ ఇద్దరినీ వేవర్స్‌లో (ఎవరైనా తీసుకుపోవచ్చని లీగ్‌కి చెప్పే జాబితాలో) పెట్టేశారు, క్లీవ్‌లాండ్ ఊరికే తీసుకుపోయింది. సీజన్ 73 గెలుపులు, 89 ఓటములు. డిసెంబర్‌లో ఓటానీ అదే ఊరి అవతలి జట్టు డాడ్జర్స్‌కి 700 మిలియన్‌కి వెళ్ళాడు. ఏంజెల్స్‌కి మిగిలింది డ్రాఫ్ట్‌లో ఒక పిక్.

ఆ 700లో 680 మిలియన్ 2034 నుంచి 2043 దాకా ఇస్తారు, ఆడుతున్నప్పుడు ఏడాదికి తీసుకునేది 2 మిలియనే. అందుకే పన్ను లెక్కలో అది ఏడాదికి 70 కాదు, 46 దగ్గరే పడుతుంది. మొత్తం అంకె చూసి గుండెలు బాదుకునే ముందు చెక్కు ఏ తారీఖున రాస్తారో చూడాలి. మా మెట్స్ అయితే బాబీ బోనీయా అనే పాత ఆటగాడికి 2000లో ఇవ్వాల్సిన 5.9 మిలియన్ వాయిదా వేయడానికి వడ్డీ ఒప్పుకుని, 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న 11,93,248 డాలర్లు కడుతున్నారు. ప్రతి ఏడాది ఆ రోజు బావ నాకు శుభాకాంక్షలు పంపుతాడు.

ఆర్బిట్రేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చివరి ఏడాది దాకా ఆగడమంటే మధ్యలో ఆ గది దాటాల్సిందే. ఆటగాడు ఒక అంకె, జట్టు ఒక అంకె, ముగ్గురు మధ్యవర్తులు రెండిట్లో ఒకటే ఎంచుకుంటారు, మధ్యలో ఖరారు చేయడం ఉండదు. గెలవాలంటే జట్టు తన ఆటగాడి ముందే అతను ఎందుకు అంత విలువ చేయడో వాదించాలి. 2023లో మిల్వాకీ బ్రూవర్స్ 10.01 మిలియన్ అన్నారు, పిచర్ కార్బిన్ బర్న్స్ 10.75 అడిగాడు. జట్టు గెలిచింది, 7,40,000 డాలర్లు మిగిలాయి. 2021లో సై యంగ్ (ఏటి ఉత్తమ పిచర్ అవార్డు) గెలిచిన మనిషి బయటకొచ్చి, మేం ప్లేఆఫ్స్‌కి పోకపోవడానికి నేనే కారణమన్నట్టు మాట్లాడారు, ఈ బంధం దెబ్బతింది అని బాహాటంగా అన్నాడు. ఏడాది తిరిగేసరికి బాల్టిమోర్‌కి ట్రేడ్ అయ్యాడు. పెళ్ళిళ్ళలో లాంఛనాల దగ్గర చెడిన వియ్యంకుల్ని చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దారి 3: ట్రేడ్

ఇక్కడ ఒకటే ప్రశ్న: ఎన్నేళ్ళు మిగిలి ఉండగా అమ్ముతున్నారు?

బోస్టన్ రెడ్ సాక్స్ 2020 ఫిబ్రవరిలో తమ స్టార్ మూకీ బెట్స్‌ని ఒక్క ఏడాది మిగిలి ఉండగా అమ్మారు, పైగా పిచర్ డేవిడ్ ప్రైస్ భారీ జీతాన్ని కూడా డాడ్జర్స్ మెడకే తగిలించారు. అలా తగిలిస్తే తిరిగొచ్చే సరుకు తగ్గుతుంది. వచ్చింది వర్డుగో, వాంగ్, డౌన్స్. డౌన్స్‌ని రెండేళ్ళు దాటాక వదిలేశారు, వర్డుగోని ఆఖరికి యాంకీస్‌కే ఇచ్చారు. బెట్స్ డాడ్జర్స్‌తో 12 ఏళ్ళకి 365 మిలియన్‌కి సంతకం చేసి 2020, 2024, 2025 వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు.

నేషనల్స్ మాత్రం స్ట్రాస్‌బర్గ్ దెబ్బతో తెలివి తెచ్చుకున్నారేమో, అప్పట్లో తమ దగ్గరే ఉన్న సోటో 15 ఏళ్ళ, 440 మిలియన్ ఆఫర్ కాదనగానే 2022 ఆగస్టులో, ఇంకా రెండున్నర సీజన్లు చేతిలో ఉండగా, పాడ్రెస్‌కి అమ్మారు. వచ్చినవాళ్ళలో ఏబ్రమ్స్, గోర్, జేమ్స్ వుడ్ ముగ్గురూ తర్వాత ఆల్ స్టార్లయ్యారు (ఏటా లీగ్ మేటి ఆటగాళ్ళ మ్యాచ్‌కి ఎంపికయ్యారు). ఏడాదిన్నర తర్వాత అదే సోటోని ఒక్క ఏడాది మిగిలి ఉండగా పాడ్రెస్ యాంకీస్‌కి ఇస్తే వచ్చింది ప్రధానంగా మైకేల్ కింగ్ అనే మంచి పిచర్, ఇంకొందరు. ఆటగాడు అదే, ఇంకా మెరుగయ్యాడు కూడా, ధర మాత్రం సగానికి పడింది.

అలాగని ట్రేడ్ గెలిస్తే జట్టు గెలుస్తుందనీ కాదు. ఆ ముగ్గురు ఆల్ స్టార్లుండీ నేషనల్స్ 2025లో 96 ఓడారు.

దారి 4: వదిలేయడం

ఇది స్టార్ల కోసం కాదు, ఒకప్పటి స్టార్ల కోసం. నవంబర్‌లో ఆర్బిట్రేషన్ ఆటగాడికి కాంట్రాక్టు ఇవ్వకపోతే నాన్-టెండర్, అతను ఆ రోజు నుంచే ఫ్రీ. 2019 ఎంవీపీ కోడీ బెల్లింజర్ బ్యాటింగ్ సగటు 2022లో .210కి పడిపోతే డాడ్జర్స్ వదిలేశారు. కబ్స్ 17.5 మిలియన్‌కి తీసుకున్నారు, .307 కొట్టాడు. కబ్స్ 2020లో ఇలాగే వదిలేసిన కైల్ ష్వార్బర్ 2025లో ఫిలడెల్ఫియాకి 56 హోమ్ రన్లు కొట్టాడు. అన్నిటికంటే పాత గాయం మిన్నెసోటా ట్విన్స్‌ది: 2002 డిసెంబర్‌లో డేవిడ్ ఓర్టిజ్‌ని వదిలేస్తే బోస్టన్ 1.25 మిలియన్‌కి పట్టుకుంది, మూడు వరల్డ్ సిరీస్‌లు, చివరికి హాల్ ఆఫ్ ఫేమ్.

అయినా నేను ఈ దారికి పూర్తి వ్యతిరేకిని కాను. వదిలేస్తే ఎక్కడో ఒకచోట మెరిసినవాళ్ళే గుర్తుంటారు, కనుమరుగైనవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. క్లబ్ ఆప్షన్ (ఇంకో ఏడాది ఉంచుకోవాలా వద్దా అని జట్టే తేల్చే షరతు) ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం తీసివేత సరిగ్గా చేయండి. 2024 ఆఖర్లో యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ రిజోకి 17 మిలియన్ ఆప్షన్, కాదంటే 6 మిలియన్ బయౌట్ (వదిలేసినందుకు ఇచ్చే సొమ్ము). ఆ 6 ఎలాగూ పోయేదే కాబట్టి అతన్ని ఉంచుకోవడానికి అదనంగా అయ్యేది 11. యాంకీస్ కాదని, అదే స్థానానికి గోల్డ్‌ష్మిట్‌ని 12.5కి తెచ్చుకున్నారు. అంటే ఆ మార్పు ఖరీదు 1.5 మిలియన్, నాలుగున్నర తక్కువ కాదు.

| దారి | ఎప్పుడు నప్పుతుంది | ఎక్కడ దెబ్బ కొడుతుంది |
|---|---|---|
| ముందే ఎక్స్‌టెన్షన్ | 24 ఏళ్ళ లోపు బ్యాటర్, ఇంకా ఆర్బిట్రేషన్‌కి రానివాడు | పిచర్లు, 30 దాటినవాళ్ళు |
| చివరి ఏడాది ఆడించడం | ఈ ఏడాదే గెలిచే జట్టు, తర్వాత ఖర్చు పెట్టగల జేబు | 80 గెలుపుల దగ్గర ఊగే జట్టు |
| ట్రేడ్ | రెండు సీజన్లు మిగిలి ఉండగా | ఆఖరి ఏడాది, అందులో వేరే జీతం కూడా కలిపి అంటగడితే |
| వదిలేయడం | కింద కుర్రాడు సిద్ధంగా ఉన్నప్పుడు | ఒకే ఒక్క చెడ్డ ఏడాది చూసి తేల్చేస్తే |

మరి మీ జట్టుకి ఏది?

మీది డాడ్జర్స్, యాంకీస్, మెట్స్ లాంటి జేబు అయితే రెండో దారి తప్పు కాదు. సోటో ఉన్న ఆ ఒక్క ఏడాదిలో యాంకీస్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు, అతను పోయాక పిచర్ మాక్స్ ఫ్రైడ్‌కి 8 ఏళ్ళు, 218 మిలియన్ ఇచ్చి, బెల్లింజర్‌ని, డెవిన్ విలియమ్స్‌ని ట్రేడ్‌లో తెచ్చి, గోల్డ్‌ష్మిట్‌ని కలిపారు. డబ్బు మిగల్లేదు, నలుగురి జీతం కలిపితే ఏడాదికి 70 మిలియన్ దాటింది, సోటో 51 కంటే ఎక్కువే. కానీ ఫ్రైడ్‌ది తప్ప పొడవాటి కాంట్రాక్టు లేదు, 2025లో వాళ్ళ మేటి పిచర్ గెరిట్ కోల్ మోచేయి సర్జరీతో మొత్తం సీజన్ పోగొట్టుకున్నా ఫ్రైడ్ 19 గెలిచాడు, బెల్లింజర్ 29 హోమ్ రన్లు కొట్టాడు. యాంకీస్ 94 గెలిచారు. సోటో 43 హోమ్ రన్లు కొట్టినా మా మెట్స్ 83 గెలిచి ఆఖరి రోజున ప్లేఆఫ్స్ బయటే ఉండిపోయారు. ఇది రాయడానికి నాకేం సరదా కాదు.

మీది టాంపా, క్లీవ్‌లాండ్, మిల్వాకీ తరహా అయితే మొదటి దారి, అది కుదరకపోతే వెంటనే మూడోది. రెండున్నరేళ్ళు మిగిలి ఉండగా మీ ఆఫర్ కాదన్నవాడు ఆఖరి ఏడాదిలో ఒప్పుకోడు, అప్పటికి అతని ఏజెంట్ కళ్ళ ముందు న్యూయార్క్ ఉంటుంది. అభిమానులు తిడతారు, ఒక సీజన్ టికెట్లు తగ్గుతాయి, భరించండి.

మధ్యలో ఉన్న జట్లదే అసలు ఇబ్బంది. డివిజన్‌లో మూడో స్థానం, వైల్డ్ కార్డ్‌కి (డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్స్‌కి వెళ్ళే చోటుకి) రెండు మూడు గేమ్‌ల దూరం, స్టార్‌కి ఒక్క ఏడాది. ఇక్కడ నేను గీసుకున్న గీత ఒకటుంది: జులై 20కి ప్లేఆఫ్ స్థానంలో లేకపోతే అమ్మేయాలి, ఒక వారం బాగా ఆడారని మనసు మార్చుకోకూడదు. ఏంజెల్స్ మార్చుకున్నది సరిగ్గా ఆ వారమే.

కీపర్ లీగ్ వాళ్ళకి పన్ను గొడవ లేదు కాబట్టి వయసు, మిగిలిన ఏళ్ళు, ఈ రెండే చూడండి. పిచర్‌ని మాత్రం ఒక ఏడాది ముందే అమ్మేయండి, మోచేయి ఫోన్ చేసి చెప్పి రాదు.

జెర్సీ కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు కూడా ఎక్స్‌టెన్షన్ అయ్యాకే కొనండి. 2024లో మా బావ సోటో 22 నంబర్ యాంకీస్ జెర్సీ పూర్తి ధర పెట్టి కొన్నాడు. సోటో మెట్స్‌కి వచ్చి అక్కడ కూడా 22 వేసుకున్నాడు. ఆ నంబర్ వదులుకున్న బ్రెట్ బేటీకి చెవర్లే టాహో బండి కొనిచ్చాడు. మా బావకి మాత్రం ఏమీ రాలేదు. ఆ జెర్సీ ఇప్పుడు మంచు తోసే రోజున స్వెటర్ మీద వేసుకుంటాడు, నేను ఆ దారిన వెళ్తే జిప్పు పైదాకా లాక్కుంటాడు.